మొదటిసారి మాస్టర్‌గా ఓడ ఎక్కుతున్నారా? కమాండ్ తీసుకున్న దగ్గర్నుంచి అప్పగించేదాకా చేయాల్సినవి

చీఫ్ ఆఫీసర్‌గా ఎన్నేళ్లు చేసినా, తేడా వస్తే పైన మాస్టర్, అంటే కెప్టెన్, ఉన్నాడులే అన్న ధైర్యం ఒకటి ఉంటుంది. లాగ్ బుక్‌లో కమాండ్ తీసుకున్నట్టు రాసి సంతకం పెట్టిన నిమిషం నుంచి ఆ ధైర్యం ఉండదు. ఓడ యజమాని తరఫున మాట్లాడేది మీరే. ఓడ ఏ దేశపు జెండా కింద తిరుగుతోందో ఆ దేశ చట్టం ఓడలో అమలయ్యేలా చూడాల్సిందీ మీరే. సరుకు ఇచ్చినవాళ్లు నమ్మేది మీ సంతకాన్ని. సిబ్బందికి జ్వరం వచ్చినా, గొడవ వచ్చినా మీ తలుపే కొడతారు.

నేను మొదటిసారి కమాండ్ తీసుకున్నప్పుడు నావిగేషన్ గురించి భయపడలేదు. అది చేతికి అలవాటైన పని. భయం వేసింది టేబుల్ మీది కాగితాలను చూసి. ఏ సంతకం నన్ను దేనికి కట్టేస్తుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మీకు ఆ ఇబ్బంది రాకూడదని, ఓడ మీద పనులు జరిగే వరసలోనే ఇది రాస్తున్నాను.

ఓడ ఎక్కకముందు అడిగి తీసుకోవాల్సినవి

కంపెనీ ఆఫీసులో బ్రీఫింగ్ అయిపోగానే తల ఊపి బయటికి వచ్చేయకండి. ఓడను అద్దెకిచ్చిన ఒప్పందం, అంటే చార్టర్ పార్టీ, కాపీ అడగండి. ఓడ టైమ్ చార్టర్ (ఇంతకాలానికని అద్దె) మీద ఉందా, వాయేజ్ చార్టర్ (ఒక ప్రయాణానికని అద్దె) మీద ఉందా, ఎంత స్పీడ్ ఇస్తామని ఒప్పుకున్నారు, సరుకు పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్ మీద సంతకం ఎవరు పెట్టొచ్చు అన్నవి అందులోనే ఉంటాయి. కిందటి పోర్ట్ స్టేట్ కంట్రోల్ (రేవు దేశపు అధికారులు చేసే) తనిఖీ రిపోర్టు చూడండి. ఓడను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే క్లాస్ సొసైటీ ఓడ మీద ఏమైనా షరతులు పెట్టి ఉంటే వాటి గడువు రాసుకోండి. మీ సర్టిఫికెట్‌కు జెండా దేశం ఇచ్చే ఎండార్స్‌మెంట్, అది ఇంకా రాకపోతే కనీసం దరఖాస్తు చేసినట్టు రుజువు, మీ ఫైల్లో ఉండాలి.

ఇంకొకటి, కంపెనీలో డీపీఏ (డిజిగ్నేటెడ్ పర్సన్ అషోర్) ఎవరో కనుక్కుని వీలైతే నేరుగా కలవండి. ఓడల భద్రతా నిర్వహణ గురించిన అంతర్జాతీయ నియమావళి ఐ.ఎస్.ఎం. కోడ్ ప్రకారం ప్రతి కంపెనీ ఒడ్డున ఇలాంటి వ్యక్తిని నియమించాలి. ఓడ భద్రత విషయం వస్తే ఆయన నేరుగా కంపెనీ పై స్థాయి దాకా వెళ్లగలగాలి. అర్ధరాత్రి మీకు అవసరమయ్యే ఫోన్ నంబర్ అది. గొంతు ముందే తెలిసి ఉంటే మాట సులువవుతుంది.

అప్పగింత: తొందరపెట్టినా తొందరపడకండి

పాత మాస్టర్‌కు ఫ్లైట్ టైమ్ అవుతుంటుంది, ఏజెంట్ కింద కారు పెట్టుకుని ఉంటాడు, ఓడ ఇంకో ఆరు గంటల్లో కదలాలి. దాదాపు ప్రతిసారీ ఇంతే. అయినా కొన్నిటిని కళ్లతో చూడకుండా సంతకం పెట్టకండి.

సర్టిఫికెట్లన్నీ గడువు తేదీలతో సహా చూడండి. రిజిస్ట్రీ, లోడ్ లైన్, సేఫ్టీ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్, సెక్యూరిటీ సర్టిఫికెట్, ఆయిల్ పొల్యూషన్ సర్టిఫికెట్, మారిటైమ్ లేబర్ సర్టిఫికెట్ ఇవన్నీ ఉండాలి. కనీస సిబ్బంది ఎంతమందో చెప్పే సేఫ్ మ్యానింగ్ పత్రాన్ని క్రూ లిస్టు పక్కన పెట్టి పోల్చండి. మీ లెక్కలో ఉండే నగదు నోట్లతో సహా లెక్కపెట్టండి. మందుల బీరువాలో తాళం వేసి ఉండే మార్ఫిన్ లాంటివి ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. ఆ లెక్క తప్పితే తర్వాతి రేవులో కస్టమ్స్ వాళ్లకు జవాబు చెప్పాల్సింది మీరే.

ఆయిల్ రికార్డ్ బుక్‌లో రాసిన స్లడ్జ్ (నూనె మడ్డి) పరిమాణాన్ని ట్యాంక్ కొలతతో పోల్చమని చీఫ్ ఇంజినీర్‌కు చెప్పండి. కొలిచేటప్పుడు మీరూ పక్కన ఉండండి. ఒక ఓడలో పుస్తకంలో ఉన్నదానికీ ట్యాంకులో ఉన్నదానికీ నాలుగు ఘనపు మీటర్ల తేడా వచ్చింది. పాత మాస్టర్ మంచివాడు, లెక్క పొరపాటే అన్నాడు. నిజంగా పొరపాటే అయి ఉండొచ్చు. నేను మాత్రం తేడాను హ్యాండింగ్ ఓవర్ నోట్‌లో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, కంపెనీకి పంపిన తర్వాతే కమాండ్ తీసుకున్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నాడు. రెండు రేవుల తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగినప్పుడు నా దగ్గర చూపించడానికి కాగితం ఉంది.

చివరగా పాత మాస్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఓడలో మీకు నిద్ర పట్టనివ్వనిది ఏంటి? చెక్‌లిస్ట్‌లో రానివి ఆ జవాబులో వస్తాయి. మొండికేసే జనరేటర్, తలుపు సరిగా మూసుకోని హ్యాచ్ కవర్, మాట్లాడుకోని ఇద్దరు ఆఫీసర్లు.

మీ అధికారం ఎంతవరకు, దాన్ని ఎలా వాడాలి

దీన్ని మాత్రం నిదానంగా చదవండి, మిగతా అన్నిటికీ ఆధారం ఇదే.

1987 మార్చి 6న హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు తెరిచే ఉండగా జీబ్రుగ్ రేవు నుంచి బయల్దేరి నిమిషాల్లో పక్కకు ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూసుకున్నాయో లేదో బ్రిడ్జి మీద తెలిసేలా లైట్లు పెట్టించమని ఆ కంపెనీ మాస్టర్లు అంతకుముందే అడిగారు. ఒడ్డున ఉన్నవాళ్లు పట్టించుకోలేదు. తప్పు ఓడ మీద ఉన్నవాళ్లతో ఆగదని, ఆఫీసు దాకా వెళ్తుందని విచారణ తేల్చింది. ఐ.ఎస్.ఎం. కోడ్ పుట్టడానికి ఇలాంటి ప్రమాదాలే కారణం. 1998 జులై 1 నుంచి మొదలై దశలవారీగా అది తప్పనిసరి అయింది. భద్రత, కాలుష్య నివారణ విషయాల్లో అన్నిటికీ మించిన అధికారం మాస్టర్‌దేనని కంపెనీ తన సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో స్పష్టంగా రాసి ఉంచాలని ఆ కోడ్ చెబుతుంది. సముద్రంలో ప్రాణరక్షణ గురించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్, దాని ఐదో అధ్యాయం ఇంకా గట్టిగా చెబుతుంది. సముద్రంలో ప్రాణ రక్షణకూ పర్యావరణ రక్షణకూ అవసరమని మాస్టర్ తన వృత్తి అనుభవంతో తీసుకున్న నిర్ణయాన్ని యజమాని గానీ చార్టరర్ (ఓడను అద్దెకు తీసుకున్నవాడు) గానీ కంపెనీ గానీ మరెవరైనా గానీ అడ్డుకోకూడదు.

అధికారం ఉంది కదా అని కారణం లేకుండా వాడితే నిలవదు. హిల్ హార్మనీ అనే ఓడ కేసు దీనికి ఉదాహరణ. వాంకూవర్ నుంచి జపాన్‌కు వెళ్లే దారి విషయంలో చార్టరర్లు దగ్గరి ఉత్తరపు దారి చెప్పారు. మాస్టర్ దూరమైన దక్షిణపు దారి పట్టాడు. దారి చెప్పడం ఓడను వాడుకునే హక్కులో భాగమేనని, భద్రతకు సంబంధించిన సరైన కారణం చూపకుండా దాన్ని కాదనడానికి వీల్లేదని 2000లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చింది. నష్టం యజమాని భరించాల్సి వచ్చింది.

కాబట్టి పద్ధతి ఇది. తుపాను దారిలో ఉంది, దారి మార్చాలి అనుకున్నారు. ముందు వాతావరణ రిపోర్టు, ఓడ స్థితి, సరుకు రకం, అలల ఎత్తు ముందు పెట్టుకుని మీ కారణాన్ని రెండు మూడు వాక్యాల్లో రాయండి. లాగ్ బుక్‌లో ఎక్కించండి. అవే మాటలు కంపెనీకీ చార్టరర్‌కూ మెయిల్ చేయండి. అనుమతి అడుగుతున్నట్టు రాయకండి. ఈ కారణంతో ఈ దారి తీసుకుంటున్నాను అని రాయండి. ఎవరైనా ఫోన్ చేసి ఇంకోలా చెయ్యమని ఒత్తిడి తెస్తే మర్యాదగా 'అదే మాట మెయిల్‌లో పంపండి సార్' అనండి. చాలా ఒత్తిళ్లు అక్కడితో ఆగిపోతాయి. ఆగకపోతే డీపీఏకు ఫోన్ చేయండి.

సిబ్బంది: నిద్ర, డ్రిల్, ఫిర్యాదు

విశ్రాంతి లెక్క ముందు కంఠతా రావాలి. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా కనీసం 77 గంటలు. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, ఒక ముక్క కనీసం 6 గంటలు ఉండాలి. నావికుల శిక్షణ, వాచ్ ప్రమాణాల గురించిన ఎస్.టి.సి.డబ్ల్యూ. ఒప్పందం, 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ రెండూ దీన్ని చెబుతున్నాయి. ఇది మీకూ వర్తిస్తుంది. ఓడకో మనుషులకో ప్రమాదం వస్తే, ఆపదలో ఉన్న ఇంకో ఓడకు సాయపడాల్సి వస్తే షెడ్యూల్ పక్కనపెట్టి ఎంతసేపైనా పని చేయించే హక్కు మీకుంది. పని అయ్యాక పోయిన విశ్రాంతికి సరిపడా విశ్రాంతి ఇవ్వాలి.

కష్టమంతా రేవులో వస్తుంది. లోడింగ్ రాత్రంతా నడుస్తుంది, తెల్లారి రేవులో దారి చూపించే పైలట్ వస్తాడు, చీఫ్ ఆఫీసర్ 20 గంటలుగా నిలబడే ఉంటాడు. రికార్డులో మాత్రం చక్కగా 10 గంటల విశ్రాంతి. ఇలా రాయనివ్వకండి. తనిఖీ అధికారి ఆ షీటును కార్గో లాగ్ పక్కన, ఓవర్‌టైమ్ పక్కన పెడితే అబద్ధం ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. దానికంటే ముఖ్యం, నిలబడి నిద్రపోతున్న మనిషి చేతిలో ఓడ పెట్టి రేవు దాటడం తప్పు. మనుషులు సరిపోకపోతే సెయిలింగ్ కొన్ని గంటలు వాయిదా వేయండి, కారణం రాయండి. నేను రెండుసార్లు వేశాను. రెండుసార్లూ ఆఫీసు నుంచి కోపంగా ఫోన్లు వచ్చాయి, రెండుసార్లూ ఉద్యోగం ఉంది.

డ్రిల్స్ విషయంలో, ప్రతి మనిషీ నెలకు ఒక ఫైర్ డ్రిల్‌లో, ఒక అబాండన్ షిప్ (ఓడను వదిలి వెళ్లే) డ్రిల్‌లో పాల్గొనాలి. గత నెలలో ఈ ఓడ మీద డ్రిల్ చేయనివాళ్లు 25 శాతానికి మించి ఉంటే రేవు వదిలిన 24 గంటల్లోపు రెండు డ్రిల్సూ చేయాలి. సిబ్బంది గుంపుగా మారినప్పుడు దీన్ని మర్చిపోతుంటారు. మూసి ఉన్న చోట్లలోకి, అంటే ట్యాంకులు, హోల్డుల్లోకి దిగడం మీద రెండు నెలలకోసారి డ్రిల్ ఉండాలి. దీన్ని మొక్కుబడిగా చేయకండి. ఆక్సిజన్ లేని ట్యాంకులో పడిన వాడి కోసం ఇంకొకడు పరుగెత్తుకుంటూ దిగి ఇద్దరూ పోవడం ఓడల మీద మళ్లీ మళ్లీ జరుగుతున్న విషాదం. గ్యాస్ కొలవకుండా, పర్మిట్ లేకుండా, పైన మనిషి లేకుండా ఎవరినీ దిగనివ్వకండి. కళ్లముందు మనిషి పడిపోయినా శ్వాస పరికరం లేకుండా దిగకూడదని డ్రిల్‌లో చేయించి చూపించండి.

ఫిర్యాదు చేసిన వాడిని వేధించడం లేబర్ కన్వెన్షన్ ప్రకారం నిషేధం. ఫిర్యాదు రాతపూర్వకంగా తీసుకోండి, ఏం చేశారో రాయండి, కాపీ అతనికి ఇవ్వండి. జీతాలు నెలకోసారి తప్పకుండా అందాలి. ఆలస్యమవుతుంటే సిబ్బంది తరఫున కంపెనీని అడగాల్సింది మీరే. ఎవరికైనా జబ్బు చేస్తే రేడియో ద్వారా డాక్టర్ సలహా తీసుకుని, లక్షణాలు, ఇచ్చిన మందు, టైమ్ అన్నీ రాయండి.

ప్రయాణ ప్రణాళిక, బ్రిడ్జి

పాసేజ్ ప్లాన్ సెకండ్ ఆఫీసర్ తయారు చేస్తాడు, బాధ్యత మీది. బెర్త్ నుంచి బెర్త్ దాకా ఉండాలి. సమాచారం సేకరించడం, ప్లాన్ వేయడం, అమలు చేయడం, గమనిస్తూ ఉండడం అని నాలుగు దశలు. సంతకానికి ముందు ఎక్‌డిస్ (ఎలక్ట్రానిక్ చార్టు) తెర మీద దారంతా మీరే పెద్ద స్కేల్‌లో ఒకసారి నడిపి చూడండి. సేఫ్టీ కాంటూర్ (సురక్షితమైన లోతు గీత) ఈ ఓడ డ్రాఫ్ట్‌కు, అంటే నీటిలో మునిగే లోతుకు తగ్గట్టు పెట్టారా, కిందటి ప్రయాణానిదే వదిలేశారా చూడండి.

స్టాండింగ్ ఆర్డర్స్ మొదటి రోజే రాసి, ప్రతి వాచ్ ఆఫీసర్ చేత సంతకం పెట్టించండి. నైట్ ఆర్డర్స్ రోజూ రాయండి. ఎప్పుడు లేపాలో అంకెల్లో ఉండాలి: కనుచూపు ఎన్ని మైళ్లకు తగ్గితే, ఎదురు ఓడ ఎంత దగ్గరగా వెళ్లేలా ఉంటే, గాలి ఎంతకు పెరిగితే. 'సందేహం వస్తే పిలవండి' అని మాత్రమే రాస్తే కుర్ర ఆఫీసర్ సందేహం వచ్చిందా లేదా అని సందేహిస్తూ కూర్చుంటాడు. లేపిన మొదటిసారి మీరు విసుక్కుంటే రెండోసారి లేపడు. అనవసరంగా లేపినా 'మంచి పని చేశావు' అనండి.

మీరు బ్రిడ్జి మీదికి వచ్చినంత మాత్రాన ఓడ మీ చేతిలోకి రాదు. 'నేను తీసుకుంటున్నాను' అని పైకి చెప్పి, అవతలి ఆఫీసర్‌కు అర్థమయ్యేదాకా వాచ్ బాధ్యత అతనిదే. ఆ మాట చెప్పిన టైమ్ రాయించండి. తీసుకున్నాక మీ పొరపాటును ఎత్తిచూపే ధైర్యం వాళ్లకు ఉండాలి. కోస్టా కాంకోర్డియా 2012 జనవరి 13న ఇటలీలోని జీల్యో దీవికి మరీ దగ్గరగా వెళ్లి రాయికి తగిలినప్పుడు దారి మార్చింది కెప్టెనే. 32 మంది చనిపోయారు. ప్రయాణికులు ఇంకా ఓడలో ఉండగానే తను దిగిపోయిన నేరం కూడా కలిపి కోర్టు ఆయనకు 16 ఏళ్ల శిక్ష వేసింది.

పైలట్ ఎక్కినా బాధ్యత దిగదు. పనామా కాలువ దీనికి పేరున్న మినహాయింపు, అక్కడ నడిపే అధికారం పైలట్‌దే. మిగతాచోట్ల దాదాపు అంతటా పైలట్ సలహాదారు. పైలట్ కార్డు ఇచ్చి, ఎటు తిప్పుతాడో, టగ్గులెన్నో, నీటి లోతు ఎంతో మాట్లాడుకున్నాకే కదలండి. స్పీడ్ ఎక్కువనిపిస్తే అడగండి. జవాబు నచ్చకపోతే ఇంజిన్ తగ్గించండి.

సరుకు: మీ సంతకం అన్నిటికంటే ఖరీదయ్యే చోటు

బిల్ ఆఫ్ లేడింగ్ అంటే సరుకు అందుకున్నట్టు రసీదు, రవాణా ఒప్పందానికి రుజువు, సరుకు మీద హక్కు ఇచ్చే పత్రం, మూడూ ఒకే కాగితంలో. దూరంగా ఉన్న కొనుగోలుదారుడు, బ్యాంకు దాన్ని చూసే డబ్బు చెల్లిస్తారు. అందుకే అందులో మీరు రాసే మాట నిజమై తీరాలి. పరిమాణం ఎంత, పైకి కనిపించే స్థితి ఎలా ఉంది, ఏ తేదీన ఎక్కింది. హేగ్-విస్బీ నియమాల ప్రకారం అంకె తప్పని అనుమానించడానికి తగిన కారణం ఉంటే ఆ అంకె రాయాల్సిన పని మీకు లేదు.

ఉదాహరణ తీసుకుందాం. స్టీల్ కాయిల్స్ ఎక్కుతున్నాయి, కొన్నిటి మీద తుప్పు ఉంది. చీఫ్ ఆఫీసర్ మేట్స్ రిసీట్‌లో (సరుకు ఎక్కినట్టు ఓడ ఇచ్చే రసీదులో) 'తుప్పు ఉంది, ఇన్ని కాయిల్స్ అంచులు వంగాయి' అని రాశాడు. సాయంత్రానికి సరుకు పంపినవాడు వస్తాడు. రిమార్కులు తీసేసి క్లీన్ బిల్ ఇవ్వండి, నష్టం వస్తే మేమే భరిస్తామని పూచీ పత్రం రాసిస్తాం అంటాడు. దాన్ని లెటర్ ఆఫ్ ఇండెమ్నిటీ అంటారు. తీసుకోకండి. తెలిసి అబద్ధం రాయడం కొనుగోలుదారుడిని మోసం చేయడమే. మోసానికి తోడిచ్చిన పూచీ పత్రాన్ని కోర్టులు అమలు చేయవు. పి అండ్ ఐ క్లబ్ అంటే ఓడ యజమానుల బీమా సంఘం, అది కూడా అలాంటి నష్టానికి డబ్బు ఇవ్వదు. పాత తేదీ వేయమన్నా ఇదే జవాబు. ఒత్తిడి పెరిగితే బిల్ మీద సంతకం ఆపి, క్లబ్ స్థానిక ప్రతినిధిని పిలవండి. సర్వేయర్ వచ్చి ఫోటోలు తీసి, రిమార్కు మాటలు ఎలా ఉండాలో చెబుతాడు. మీ బదులు ఏజెంట్ సంతకం పెట్టేటట్టయితే, మేట్స్ రిసీట్‌లో ఉన్నదే బిల్‌లోకి రావాలని రాతపూర్వకంగా అధికారం ఇవ్వండి.

బల్క్ సరుకులో ఇంకో ప్రాణాంతకమైన విషయం తేమ. నికెల్ ఖనిజం, కొన్ని రకాల బాక్సైట్, ఇనుప ఖనిజపు పొడి చూడ్డానికి పొడి మట్టిలా ఉంటాయి. తేమ ఎక్కువుంటే సముద్రంలో ఓడ కదలికకు బురదలా మారి ఒక పక్కకు జారిపోతాయి. బల్క్ జూపిటర్ అనే ఓడ బాక్సైట్‌తో 2015 జనవరి 2న మునిగిపోయింది. 19 మందిలో ఒక్కడే బతికాడు. సరుకు ఎక్కకముందే తేమ సర్టిఫికెట్, రవాణాకు అనుమతించే గరిష్ఠ తేమ సర్టిఫికెట్ అడగండి. శాంపిల్ తీసిన తేదీ చూడండి, ఆ తర్వాత వాన పడితే ఆ అంకె చెల్లదు. డబ్బాలో సగం పోసి గట్టిగా కొట్టి చూడండి. పైకి తడి తేలితే లోడింగ్ ఆపండి. తడి తేలకపోయినా అంతా బాగుందని అర్థం కాదు, ల్యాబ్ పరీక్షే పరీక్ష. ఇక్కడ మొహమాటం అస్సలు పనికిరాదు.

దించేచోట అసలు బిల్ చూపించకుండా సరుకు ఇవ్వమంటే మీ అంతట మీరు ఇవ్వకండి. యజమాని నుంచి రాతపూర్వక ఆదేశం వచ్చేదాకా ఆగండి.

రేవు చేరినప్పుడు ఓడ నిజంగా సిద్ధంగా ఉన్నాకే నోటీస్ ఆఫ్ రెడీనెస్ ఇవ్వండి, ఇచ్చిన టైమ్ రాయండి. లెక్కల్లో తేడాలకు లెటర్ ఆఫ్ ప్రొటెస్ట్ (అభ్యంతర లేఖ) అదే రోజు ఇవ్వండి. తుపానులో సరుకు దెబ్బతిని ఉండొచ్చనిపిస్తే హ్యాచ్‌లు తెరవకముందే నోటరీ దగ్గరో కాన్సులేట్‌లోనో సీ ప్రొటెస్ట్ (తుపాను గురించి మాస్టర్ ఇచ్చే ప్రకటన) నమోదు చేయించండి.

నూనె, చెత్త, పొగ

ఆయిల్ రికార్డ్ బుక్‌లో ప్రతి పనికీ ఆ పని చేయించిన ఆఫీసర్ సంతకం, ప్రతి నిండిన పేజీకి మీ సంతకం ఉండాలి. చివరి ఎంట్రీ తర్వాత మూడేళ్లు దాచాలి. ఇంజిన్ రూమ్ నీళ్లు బయటికి వదలాలంటే నూనె 15 పీపీఎంకు, అంటే పది లక్షల్లో 15 భాగాలకు, మించకూడదు. నూనెను నీటి నుంచి వేరుచేసే సెపరేటర్‌ను తప్పించి దొంగ పైపు వేసి వదిలిన కేసుల్లో కొన్ని దేశాలు ఎక్కువగా శిక్షించేది పుస్తకంలో అబద్ధం రాసినందుకు. ఇంజిన్ రూమ్‌కు వారానికోసారైనా వెళ్లండి. ఫ్లాంజ్ బోల్టుల మీద పెయింట్ కొత్తగా చెదిరి ఉంటే ఎందుకని అడగండి. ఇంధనంలో సల్ఫర్ 2020 జనవరి 1 నుంచి 0.50 శాతం, నియంత్రిత ప్రాంతాల్లో 0.10 శాతం. ఇంధనం మార్చిన టైమ్, అప్పటి పొజిషన్ రాయించండి.

ఆపదలో ఉన్నవాళ్ల పిలుపు అందితే

సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉన్నారని తెలిస్తే వీలైనంత వేగంగా వెళ్లడం మీ విధి. వాళ్లు ఎవరు, ఏ దేశం, పడవలో ఎందుకున్నారు అన్నది మీరు చూడాల్సిన పని కాదు. వెళ్లలేకపోతే, లేదా వెళ్లనవసరం లేదని తేలితే, కారణం లాగ్ బుక్‌లో రాసి సెర్చ్ అండ్ రెస్క్యూ కేంద్రానికి చెప్పాలి. 2001లో టాంపా అనే సరుకు ఓడ 400 మందికి పైగా శరణార్థులను ఎక్కించుకున్న తర్వాత వాళ్లను దించడానికి రోజుల తరబడి అనుమతి దొరకలేదు. ఆ తర్వాతే, ఎక్కించుకున్న మాస్టర్‌ను తక్కువ ఆలస్యంతో విడుదల చేయడానికి దేశాలు సహకరించాలని సోలాస్‌లో చేర్చారు. ఎక్కించుకున్న వెంటనే ఎంతమంది, ఆరోగ్యం ఎలా ఉంది, తిండి నీళ్లు ఎన్నాళ్లకు సరిపోతాయి అన్న లెక్క కేంద్రానికి పంపండి. కంపెనీకీ క్లబ్‌కూ అదే కాపీ.

ప్రమాదం మీ ఓడకే జరిగితే

ముందు మనుషులు. జనరల్ అలారం, తలల లెక్క, డిస్ట్రెస్ సిగ్నల్. సిగ్నల్ పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పంపాక అక్కర్లేదనిపిస్తే రద్దు చేయొచ్చు, పోయిన టైమ్ మాత్రం తిరిగి రాదు.

టగ్గు కావాలా? 1978 మార్చిలో అమోకో కాడిజ్ ట్యాంకర్ స్టీరింగ్ చెడి ఫ్రాన్స్ తీరం వైపు కొట్టుకుపోతుంటే టగ్గుతో ఒప్పందం మాటల్లో గంటలు గడిచాయి. రెండు లక్షల టన్నులకు పైగా నూనె సముద్రం పాలైంది. 1989 నాటి సాల్వేజ్ కన్వెన్షన్ యజమాని తరఫున సాల్వేజ్ (ఆపదలో ఉన్న ఓడను కాపాడే) ఒప్పందం చేసుకునే అధికారం మాస్టర్‌కు ఇచ్చింది. ఓడ ఒడ్డుకు కొట్టుకుపోతుంటే లాయిడ్స్ ఓపెన్ ఫార్మ్ అనే సాల్వేజ్ ఒప్పందానికి ఒప్పుకోండి. కాపాడకపోతే డబ్బు లేదన్నదే దాని సూత్రం, ధర తర్వాత తేలుతుంది.

ఓడ నిలదొక్కుకున్నాక వీడీఆర్ (ప్రయాణాన్ని రికార్డు చేసే పరికరం) డేటా సేవ్ చేయించండి. చేయకపోతే పాతది చెరిగిపోతుంది. తీరదేశానికి, జెండా దేశానికి, డీపీఏకు, క్లబ్‌కు చెప్పండి. చార్టులు, బెల్ బుక్ (ఇంజిన్ ఆదేశాల పుస్తకం), ఎక్‌డిస్ రికార్డు, డ్యూటీ రోస్టర్ తాళం వేసి పెట్టండి. ఏ పుస్తకంలోనూ ఒక్క అక్షరం మార్చనివ్వకండి. తప్పు రాసి ఉంటే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టడమే పద్ధతి.

తర్వాత ఓడ నిండా కోట్లు, యూనిఫాంలు వేసుకున్నవాళ్లే. ఎవరు ఎవరి తరఫున వచ్చారో గుర్తింపు కార్డు చూసి రాసుకోండి. భద్రతా విచారణ కారణం కనుక్కోవడానికి, పోలీసు విచారణ దోషిని కనుక్కోవడానికి. రెండూ వేరు. క్లబ్ పంపిన లాయర్ వచ్చేదాకా వాంగ్మూలం ఇవ్వనని చెప్పడం మీ హక్కు. మాట్లాడేటప్పుడు చూసింది చెప్పండి, ఊహ చెప్పకండి. మీకు అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం వద్దు. 2007 డిసెంబర్‌లో కొరియా తీరంలో లంగరు వేసి నిలబడి ఉన్న హెబెయి స్పిరిట్ ట్యాంకర్‌ను తాడు తెగిన క్రేన్ బార్జ్ వచ్చి గుద్దింది. మొదటి కోర్టు నిర్దోషులన్నా, పై కోర్టు శిక్ష వేయడంతో ఆ ఓడ కెప్టెన్, చీఫ్ ఆఫీసర్ దాదాపు ఏడాదిన్నర ఆ దేశం దాటలేకపోయారు. ప్రమాదాల తర్వాత నావికులను న్యాయంగా చూడాలని 2006లోనే అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. వాటి కాపీ ఒకటి మీ కేబిన్‌లో ఉంచుకోండి. సిబ్బందికీ ముందే చెప్పి ఉంచండి, వాళ్లకూ ఇవే హక్కులు ఉన్నాయని.

దిగేటప్పుడు

మీకు అప్పగించినప్పుడు ఏది తెలిసి ఉంటే బాగుండేదనిపించిందో అదంతా నోట్‌లో రాయండి. పెండింగ్ రిపేర్లు, చార్టరర్‌తో నడుస్తున్న వివాదాలు, జవాబు రాని మెయిల్స్, ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో కూడా. మీ కాలంలో ఇచ్చిన ప్రొటెస్ట్ లెటర్లు, ముఖ్యమైన మెయిల్స్, అప్పగింత నోట్ కాపీలు కంపెనీకి చెప్పి వెంట తీసుకెళ్లండి. సరుకు క్లెయిమ్ వేయడానికి సాధారణంగా ఏడాది గడువు ఉంటుంది. అప్పుడు మీరు ఇంకో ఓడ మీద ఉంటారు, ప్రశ్న మాత్రం మీకే వస్తుంది. నగదు, మందులు, సర్టిఫికెట్లు కొత్త మాస్టర్ ముందు మళ్లీ లెక్కపెట్టండి. ఆయన లాగ్ బుక్‌లో టైమ్ వేసి సంతకం పెట్టాకే సూట్‌కేస్ కిందికి పంపండి.